నగర పటంలో మన గల్లీలు
(పౌరసమస్యలపై జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి అంశం ‘డిజిటల్ పటాలు – నగర విస్తరణ’ అని ఆహ్వాన పత్రంలో చూసిన కొందరు మిత్రులు, ‘సాహెబ్, హక్కుల సభలో పటాల పాఠమేమిటి? అది ఇంజనీర్ల పని కదా!’ అని అడిగారు. ప్రశ్న సహేతుకమే. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, ఉర్దూ పాఠశాలలు, భద్రత – ఇవి మనం ప్రతి సమావేశంలోనూ చర్చించుకునేవే. వాటి సరసన పటానికి ఇంతవరకు చోటు దొరకలేదు. కాని ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా దస్త్రాలు నడిపిన అనుభవంతో మేము ఒక మాట చెప్పగలం. మంచినీటి గొట్టం ఏ వీధిదాకా రావాలి, ఆరోగ్య కేంద్రం ఎక్కడ కట్టాలి, రోడ్డు వెడల్పు ఎవరి గోడమీదుగా సాగాలి అన్న నిర్ణయాలు సభలలో జరగవు. బల్లమీద పరచిన పటంమీద జరుగుతాయి. మనం ధర్నాకు కూర్చునే నాటికి ఆ పటంమీద గీత పడి రెండు మూడేళ్లు దాటి ఉంటుంది. ఈనాడు ఆ బల్ల స్థానంలో కంప్యూటరు తెర వచ్చింది. గీత గీసే పని మరింత వేగవంతమైంది. మనం మేల్కొనే వేగం మాత్రం పెరగలేదు.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రిని ఈ సభలో ఎవరూ మరచి ఉండరు. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఆ ఒక్కరోజునే 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. పల్లెచెరువు కట్ట తెగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీ నీటిలో మునిగాయి. నాలుగైదు రోజులు గడవకముందే బాలాపూర్ వద్ద గుర్రం చెరువుకు గండిపడి హాఫిజ్ బాబానగర్ వీధులు కాలువలయ్యాయి. కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. పెళ్లికని దాచుకున్న సామగ్రి, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు బురద ముద్దలయ్యాయి. అప్పుడు మనలో అనేకులు ‘ఇది అల్లాహ్ పరీక్ష’ అన్నారు. పరీక్షే కావచ్చు. అయితే ఆ నీరు నడచిన దారి కొత్తది కాదు. చెరువు నుండి చెరువుకు, అక్కడి నుండి మూసీకి గొలుసుకట్టుగా నీరు పారే పల్లపు దారి అది. ఆ దారి పాత పటాలలో ఉన్నది, నేల వాలులో ఉన్నది. ప్లాటు అమ్మినవాని లేఅవుటు కాగితంలో మాత్రమే లేదు. అరవై గజాల స్థలం నోటరీ కాగితంమీద కొన్న ఆటోడ్రైవరుకు ఆ పాత పటం చూపించే నాథుడు లేడు. చూపించి ఉంటే కొనేవాడా, మానేవాడా అన్నది వేరే ప్రశ్న. తెలిసి కొనడానికీ తెలియక కొనడానికీ ఎంతో తేడా ఉన్నది.

ఈ నగరానికి వరద నేర్పిన పటాల పాఠం ఇది మొదటిది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు బలిగొన్నది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సూచనల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఇవి అందరికీ తెలిసినవి. అంతగా తెలియనిది మరొకటి ఉన్నది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ సంవత్సరం నుండే 1915 వరకు లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో హైదరాబాదు నగరాన్ని వీధి వీధినా కొలిచి సవివరమైన పటాలు తయారుచేశారు. ఆనకట్ట కట్టాలన్నా, వీధి వెడల్పు చేయాలన్నా మొదట ఉన్నదేమిటో తెలియాలి కదా! ‘మన్ పటాలు’ అన్న పేరుతో పరిశోధకులు ఈనాటికీ వాటిని వెదికి చూస్తారు. వందేళ్లనాటి ఆ కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించి నేటి ఉపగ్రహ చిత్రంమీద పరచి చూస్తే, ఏ వీధి అలాగే నిలిచింది, ఏ తోట కాలనీ అయింది, ఏ బావి పూడిపోయింది అన్నది కళ్లకు కట్టినట్లు కనబడుతుంది.

డిజిటల్ పటం అనగానే భయపడనవసరం లేదు. కచేరీలో పనిచేసిన పెద్దలకు ట్రేసింగ్ కాగితం తెలుసు. ఒక పలుచని కాగితంమీద రోడ్లు గీస్తాం, మరొకదానిమీద నాలాలు, ఇంకొకదానిమీద ఇళ్లు, సర్వే నంబర్ల హద్దులు. అన్నిటినీ ఒకదానిపై ఒకటి పరచి దీపానికి ఎదురుగా పట్టుకుంటే నాలామీద ఇల్లు ఉన్నదో లేదో తెలిసిపోతుంది. జీఐఎస్ అని పిలిచే పద్ధతి ప్రధానంగా ఇదే. పొరలు వందలు కావచ్చు. కాగితానికి బదులు తెర ఉంటుంది. ఒక ముఖ్యమైన విశేషం మాత్రం కొత్తది. పటంలోని ప్రతి గీత వెనుక ఒక రిజిస్టరు ఉంటుంది. ఒక ఇంటి బొమ్మమీద నొక్కితే దాని విస్తీర్ణం, వినియోగం, పన్ను సంఖ్య వంటి వివరాలు బయటికి వస్తాయి. అంటే టిప్పన్, పహాణీ, ట్రేసింగ్ కాగితం మూడూ ఒకే చోట కలిసి కూర్చున్నట్లు. మా ఉద్యోగ కాలంలో ఈ మూడింటినీ ఒక బల్లమీదికి చేర్చడానికి మూడు గదులు తిరగవలసి వచ్చేది. ఒక గదిలోని బీరువా తాళం ఎప్పుడూ సెలవుమీద ఉండేది.

ఆకాశం నుండి తీసే చిత్రాల విషయంలో మన నగరానికి గొప్ప స్థానం ఉన్నది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ప్రధాన కార్యాలయం మన బాలానగర్‌లోనే ఉన్నది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రంలో రెండున్నర మీటర్ల వస్తువు ఒక చుక్కగా కనబడేది. 2019లో వెళ్లిన కార్టోశాట్-3 చిత్రంలో ఒక చుక్క పావు మీటరు మాత్రమే. అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. ఇస్రో 2009లో ప్రారంభించిన ‘భువన్’ పటాలను ఇంట్లో ఉన్న ఫోనులోనే ఎవరైనా తెరచి చూడవచ్చు. 2015లో ప్రారంభమైన అమృత్ పథకం కింద దేశంలోని పట్టణాలకు ఈ పద్ధతిలోనే మాస్టర్ ప్లాన్లు రూపొందించాలని నిర్ణయించారు. మాస్టర్ ప్లాన్ అంటే ఏమిటి? రాబోయే ఇరవై ఏళ్లలో ఏ నేల ఇళ్లకు, ఏ నేల పరిశ్రమకు, ఏ నేల పార్కుకు, ఏ గీత రోడ్డుకు అని ముందుగా చేసే పంపకం. వారసత్వ పంపకంలో మన వాటా చూసుకోకుండా సంతకం చేయం కదా. ఈ పంపకంలో మాత్రం మనలో నూటికి తొంభై తొమ్మిది మంది పత్రాన్ని చూడనైనా చూడరు.

నగరం పెరిగిన తీరు ఒకసారి గమనించండి. పాత మునిసిపల్ కార్పొరేషన్ విస్తీర్ణం దాదాపు 170 చదరపు కిలోమీటర్లు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదును ఏర్పరచినప్పుడు అది సుమారు 650 చదరపు కిలోమీటర్లయింది. 2008లో హెచ్‌ఎండీఏ వచ్చినప్పుడు దాని పరిధి ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. దాని 2031 మాస్టర్ ప్లాన్ 2013లో నోటిఫై అయింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు నగరానికి కొత్త ఎల్లగా నిలిచి, ఇప్పుడు నగరం దానిని కూడా దాటిపోతున్నది. ఇంతటి విస్తీర్ణాన్ని కాళ్లతో తిరిగి, గొలుసుతో కొలిచి ప్రణాళిక వేయడం ఎవరి తరమూ కాదు. అందుచేత డిజిటల్ పటం వద్దనే వాదన మాకు అర్థంలేనిదిగా తోస్తుంది. వద్దన్నా అది ఆగదు. దానిలో మనం ఎలా కనబడుతున్నాం, అసలు కనబడుతున్నామా లేదా అన్నదే మనం అడగవలసినది.

ఆకాశం నుండి చూస్తే మన గల్లీలు ఎలా ఉంటాయో ఆలోచించండి. పైకప్పు కనబడుతుంది; దాని కింద ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో కనబడదు. ఎనభై గజాల ఇంట్లో కింది అంతస్తులో తల్లిదండ్రులు, పైన ఇద్దరు కొడుకుల సంసారాలు, ఆపైన రేకుల గదిలో కిరాయిదారు. పటానికి అది ఒకే ఇల్లు. తెరమీద ఒక పొడవాటి చతురస్రం. ఆ ఒక్క ఇంటి లెక్కన నీరు, ఆ ఒక్క ఇంటి లెక్కన డ్రైనేజీ గొట్టం. తల లెక్క ఇవ్వవలసినది జనగణన. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడంతో ప్రణాళికలు 2011 సంఖ్యలను సాగదీసి వేసుకుంటున్నాయి. పదేళ్లలో రెండింతలైన బస్తీకీ, అలాగే ఉన్న కాలనీకీ ఒకే నిష్పత్తి పెంచితే ఎవరు నష్టపోతారో చెప్పనక్కరలేదు. మూడడుగుల సందు సంగతి మరీ విచిత్రం. రెండువైపుల చూరులు ముందుకు వచ్చి కలుసుకోవడంతో పైనుండి చూస్తే ఆ సందే ఉండదు. నిప్పంటుకున్న రోజున అగ్నిమాపక శకటం ఎక్కడ ఆగాలో, గర్భిణిని ఎటునుండి తీసుకెళ్లాలో ఆ సందులో నడిచేవారికే తెలుసు.

మరొకటి మన మనసుకు మరింత దగ్గరిది. మన ఖబ్రస్తాన్లలో చాలా సమాధులు కచ్చావి. మట్టి దిబ్బ, తలవైపు ఒక రాయి, పైన గడ్డి, చుట్టూ వేపచెట్లు. కట్టడం లేకపోవడమే మన సంప్రదాయం. అయితే ఉపగ్రహ చిత్రం ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ల కుర్రవాడికి అది ఖాళీగా ఉన్న పచ్చని నేలగా కనిపిస్తుంది. అతనికి ద్వేషమేమీ లేదు. ఆ నేలకింద ఎవరున్నారో చెప్పినవారు లేరు. ‘ఖాళీ స్థలం’ అని రంగు వేసి తరువాతి చిత్రానికి వెళ్లిపోతాడు. పదేళ్ల తరువాత ఆ రంగుమీదుగా ఒక రోడ్డు గీత వస్తే అప్పుడు మనం కుట్ర అంటాం. కుట్రలు ఉండవని మేము అనడం లేదు. కాని ప్రతి తప్పును కుట్రగా పిలిస్తే సరిచేసే అవకాశం చేజారిపోతుంది. వక్ఫ్ ఆస్తుల విషయం పెద్దది, దానికి వేరే సభ కావాలి. ఇక్కడ ఒక్కటే చెబుతాం: 2006 నాటి సచార్ కమిటీ నివేదిక దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు నమోదై ఉన్నాయని చెప్పింది. గెజెట్‌లో నమోదై ఉండడం వేరు, మాస్టర్ ప్లాన్ పొరలో సరైన రంగుతో ఉండడం వేరు. ఒక శాఖ రిజిస్టరు మరొక శాఖ పటంతో దానంతటదే మాట్లాడుకోదు. ఆ రెండింటినీ కలిపి చూసే పని మన మస్జిద్ కమిటీలు చేయవలసి ఉన్నది.

ఇక గీత మందం గురించి చెప్పుకోవాలి. మా దృష్టిలో ఇదే అన్నిటికంటె ముఖ్యం. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. నియమం మంచిదే. ఇప్పుడు లెక్క చూడండి. 1:4000 కొలమానంలో గీసిన పటంలో ఒక మిల్లీమీటరు నేలమీద నాలుగు మీటర్లు. అర మిల్లీమీటరు గీత రెండు మీటర్లు. అంటే చిన్న నాలాకు వదలవలసిన స్థలమంతా ఆ గీత మందంలోనే ఇమిడిపోతుంది! పాత గుడ్డ నక్షాలు దశాబ్దాలు మడతలలో ఉండి సాగుతాయి, ముడుచుకుంటాయి. వాటిని స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రంమీద అతికించేటప్పుడు ఒక మూల సరిపోతే మరొక మూల జరుగుతుంది. ఆ జరిగిన మూలలో ఉన్న ఇల్లు చెరువు లోపలికి పోవచ్చు. చెరువు లోపల కట్టిన భవనం బయటికీ రావచ్చు. తెరమీద గీత సన్నగా, ఖచ్చితంగా కనిపిస్తుంది కనుక అది నేలమీద కూడా అంతే ఖచ్చితమని అధికారీ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. కంప్యూటరు చెప్పింది కదా అని తల వంచడానికి ముందు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఈ గీత ఏ పటం నుండి వచ్చింది? నేలమీద ఎవరు, ఏ సాధనంతో సరిచూశారు?

2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత ఈ గీతల విలువ ప్రతి ఇంటికీ తెలిసివచ్చింది. మేము చెరువుల ఆక్రమణను సమర్థించము. చెరువు చెరువే. దానిని పూడ్చిన పాపానికి 2020లో శిక్ష అనుభవించినవారు మనవారే. చెరువు గీతను కాపాడండి అని మొదట అడగవలసినది మనమే. కాని ఆ గీత గీసే ముందు ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు స్వీకరించి, నేలమీద రాళ్లు పాతి, తరువాత తుది ప్రకటన చేయాలని కూడా అడగాలి. తెల్లవారుజామున యంత్రం వచ్చి నిలబడినప్పుడు పటం గురించి వాదించడానికి వీలుండదు.

లోకంలో పేదలు ఈ విషయంలో ఏమి చేశారో రెండు ఉదాహరణలు చెబుతాం. కెన్యా రాజధాని నైరోబీలో కిబెరా అనే పెద్ద మురికివాడ ఉన్నది. లక్షలాది మంది నివసించే ఆ ప్రాంతం పటాలలో దాదాపు శూన్యంగా ఉండేది. 2009లో అక్కడి యువకులు, యువతులు చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రాలతో తిరిగి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తమ వాడను తామే గీశారు. నీటి కుళాయిలు, మరుగుదొడ్లు, వైద్యశాలలు, బడులు ఒక్కొక్కటే గుర్తించారు. రెండవది మన పొరుగు రాష్ట్రానిది. ఒడిశా 2017లో మురికివాడల నివాసులకు భూమి హక్కు కల్పించే చట్టం చేసింది. జగా మిషన్ పేరుతో డ్రోన్లు ఎగరవేసి వాడలను చిత్రించారు. అయితే డ్రోను తీసిన చిత్రంతో సరిపెట్టలేదు. వాడవారి సంఘాలను కూర్చోబెట్టి, ఇది ఎవరి ఇల్లు, ఇది దారియా, వాకిలా అని నిర్ధారించుకుని ఆ తరువాతే హక్కు పత్రాలు ఇచ్చారు. ఈ పనికి 2019లో ప్రపంచ ఆవాస పురస్కారం లభించింది. ఖాళీ చేయించడానికి వాడే పటాన్నే హక్కు ఇవ్వడానికీ వాడవచ్చునని ఒడిశా చూపింది. ఆ పని మన రెండు తెలుగు రాష్ట్రాలు ఎందుకు చేయకూడదని మనం అడగవచ్చు.

మా బస్తీలో జరిగిన చిన్న ప్రయత్నాన్ని కూడా చెప్పడానికి అనుమతించండి. వరద తగ్గిన మరుసటి సంవత్సరం డిగ్రీ చదివే కొందరు అమ్మాయిలు, అబ్బాయిలు, మావంటి పింఛనుదారులు నలుగురు కలిసి మా గల్లీల పటం వేయాలనుకున్నాం. గోడలమీద వరదనీటి మరకలు అప్పటికింకా చెరగలేదు. టేపుతో ప్రతి మరక ఎత్తు కొలిచి, ఫోనులో ఆ చోటు గుర్తించి, నోటుపుస్తకంలో రాసుకున్నాం. నీరు మొదట ఏ గడప దాటిందో ఇంట్లో ఉన్న ఆడవారు గంటతో సహా చెప్పారు. మగవారిలో చాలామంది ఆ సమయానికి పనులమీద బయట ఉన్నారు. కనుక ఈ సర్వేలో అసలైన సాక్షులు మా అక్కచెల్లెళ్లే. ఎనభై దాటిన ఒక పెద్దావిడ, తాము కాపురానికి వచ్చిన కొత్తలో బట్టలుతికిన వాగు ఇప్పుడు ఏయే ఇళ్ల కింద ఉన్నదో వేలితో చూపించింది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు కప్పేసిన మ్యాన్‌హోళ్లు ఎక్కడెక్కడ ఉండాలో పాత మేస్త్రీ ఒకరు చెప్పారు. మూడు వారాలు గడిచేసరికి పటంమీద మరకల ఎత్తులు, పాత వాగు దారి ఒకే వరుసలో వచ్చి నిలిచాయి.

ఆ పటం తీసుకుని సంబంధిత కార్యాలయానికి వెళ్తే, ‘ఇది అధికారిక పటం కాదు’ అని తిరిగి ఇచ్చారు. అధికారిక పటం ఏదో చూపండి అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టాం. నెల దాటాక వచ్చిన ప్రతిలో నాలా ఒక ఇంటి ప్రహరీగోడ దాకా వచ్చి ఆగిపోయింది! నీరు ఎక్కడికి పోతుందో ఆ పటానికే తెలియదు. ఆ రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి మళ్లీ వెళ్లాం. ఈసారి ఒక యువ ఇంజనీరు ఓపికగా చూసి, మాతో కలిసి గల్లీకి వచ్చారు. పూడిపోయిన మ్యాన్‌హోళ్లలో రెండింటిని తవ్వి తీశారు. కల్వర్టు వెడల్పు పని ఇప్పటికీ కాగితంమీదే ఉన్నది. అయినా ఆ తరువాతి వర్షాకాలంలో మా గల్లీ మొదటి మూడిళ్లలోకి నీరు రాలేదు. ఆ మూడిళ్లవారే ఇప్పుడు పటం పనికి అందరికంటె ముందు వస్తారు.

ఇటువంటి పటాలు మనం గీయవచ్చా, చట్టం ఒప్పుతుందా అని సందేహించేవారికి ఒక వివరణ. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం భారతీయులు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. భద్రతాపరంగా సున్నితమైన స్థావరాల వివరాలకు మాత్రం నిషేధం ఉన్నది. అటువైపు పోవలసిన పని మనకు లేదు.

మనం స్వయంగా విధించుకోవలసిన హద్దు వేరొకటి ఉన్నది. దానిని గట్టిగా చెబుతాం. కుళాయి గుర్తించండి, మ్యాన్‌హోలు గుర్తించండి, సందు వెడల్పు, వీధి దీపం, బడి, ఖబ్రస్తాను హద్దు గుర్తించండి. మనుషులను గుర్తించకండి. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ మతంవారు, ఏ కులంవారు, ఏ ఇంట్లో ఒంటరి స్త్రీ ఉన్నది అన్న వివరాలు బహిరంగ పటంలో ఎక్కించడం ప్రమాదకరం. అల్లర్లు జరిగిన ఊళ్లలో ఇంటింటి జాబితాలు చేతికందితే ఏమవుతుందో ఈ సభకు వివరించనక్కరలేదు. సంఖ్యలు కావలసి వస్తే గల్లీకి మొత్తంగా ఇన్ని కుటుంబాలు అని రాస్తే చాలు. ఉత్సాహవంతులైన మన యువకులు ఫోను చేతిలో ఉన్నది కదా అని ప్రతిదీ ఫోటో తీసి పెట్టేస్తున్నారు. ఇంటి లోపలి ఫోటోలు, వాకిట్లో ఉన్న ఆడపిల్లల ఫోటోలు పటానికి అవసరం లేదు. తీసిన ఫోటోలో నంబరు ప్లేటు పడినా చెరిపివేయండి.

కొత్తగా వచ్చిన మరొక కార్యక్రమం పేరు మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. అది ‘నక్షా’. మన ఉర్దూ మాటే. 2025 ఫిబ్రవరి 18న మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో దీనిని ప్రారంభించారు. దేశంలోని 152 పట్టణాలలో, విమానాలు, డ్రోన్లతో చిత్రాలు తీసి పట్టణ భూముల రికార్డు తయారుచేయడం దీని ఉద్దేశం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాలు కూడా అందులో ఉన్నాయి. పల్లెలలో భూమికి పహాణీ, పాసుపుస్తకం ఉన్నాయి. పట్టణంలో చాలా ఇళ్లకు పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప మరేమీ ఉండవు. తాతగారి పేరున ఉన్న ఇల్లు, వారసత్వ పంపకం నోటిమాటగా జరిగిన ఇల్లు, చెల్లెలి వాటా ఇవ్వకుండా అన్న ఉంచుకున్న ఇల్లు – ఇవన్నీ ఆ రికార్డు ముందుకు వస్తాయి. ఆకాశం నుండి చిత్రం తీశాక, నేలమీద ఇంటింటికీ వచ్చి హద్దులు, హక్కుదారులు ఎవరని అడుగుతారు. ఆ రోజు ఇంటికి తాళం వేసి ఉంటే, లేక భయపడి తలుపు తీయకపోతే, పక్కింటివారు చెప్పినదే హద్దు అవుతుంది. సర్వే అనగానే మన బస్తీలలో గుండె దడ పుట్టడం సహజం. గతంలో కొన్ని సర్వేల చుట్టూ వ్యాపించిన భయాలు ఇంకా పోలేదు. అందుకే వచ్చిన వ్యక్తి గుర్తింపు కార్డు చూడండి, ఏ ఉత్తర్వు కింద వచ్చారో అడిగి రాసుకోండి, ఆపై కాగితాలు చూపండి. అసలు ప్రతులు చేతికివ్వకండి. ఖురాన్ నిర్దేశించిన ఆడపిల్ల వాటా కాగితంమీద లేని కుటుంబాలు, సర్వే రాకముందే దానిని రాతపూర్వకం చేసుకుంటే సర్వేయరు పని సులువవుతుంది, మన లెక్క కూడా తేలికవుతుంది.

అభ్యంతరం రాసే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పి విరమిస్తాం. ముసాయిదా ప్రణాళిక వెలువడగానే ‘అభ్యంతరాలు, సూచనలు’ పంపమని పత్రికలలో ప్రకటన వస్తుంది. గడువు ఎప్పుడూ తక్కువే. ఆ కొద్ది రోజులలో ‘మా బస్తీకి అన్యాయం జరిగింది’ అని వంద సంతకాలతో పెట్టే అర్జీ దస్త్రంలో ఒక మూల కూర్చుంటుంది. మేము అటువంటి అర్జీలను వేలకొద్దీ దారంతో కట్టి లోపల పెట్టిన వాళ్లం కనుక ఈ మాట చెబుతున్నాం. ఫలానా వార్డు, ఫలానా సర్వే నంబరు, ఈ అక్షాంశ రేఖాంశాల వద్ద పటంలో ఖాళీ స్థలమని చూపిన నేల ఫలానా గెజెట్‌లో ఖబ్రస్తానుగా ఉన్నది, గెజెట్ ప్రతి, నాలుగు దిక్కుల ఫోటోలు జతపరచడమైనది, కాబట్టి వినియోగాన్ని మార్చవలెను – ఇలా ఒక అంశానికి ఒక కాగితం రాయండి. పది అంశాలుంటే పది కాగితాలు. ఒకే కాగితంలో అన్నీ కలిపితే ఒకదానికి జవాబిచ్చి తొమ్మిదింటిని మరచిపోయే వెసులుబాటు కార్యాలయానికి దొరుకుతుంది. ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర పడని కాగితం ఇచ్చినట్లు కాదు. రెండవ ప్రతిమీద ముద్ర వేయించుకుని మస్జిద్ కమిటీ బీరువాలో భద్రపరచండి.

సభ ముగిశాక బయట వరండాలో మా పిల్లలు రెండు ల్యాప్‌టాప్‌లతో కూర్చుని ఉంటారు. మీ గల్లీ పేరు చెబితే మాస్టర్ ప్లాన్‌లో అది ఏ రంగులో ఉన్నదో చూపిస్తారు. ఇంటి పన్ను రసీదు జేబులో ఉన్నవారు ముందు వరుసలో రండి. లేనివారు సమీపంలోని మస్జిదు పేరు చెప్పినా చాలు.